ఉంగరం వేలు గట్టిపడేదాకా పాట వద్దు

ఆగండి, ఆగండి. పేజీ తిప్పేయకండి. ఒక్క మాట చెవిన వేసుకుని వెళ్ళండి. పియానో నేర్చుకునేవాడికి పాటను మించిన శత్రువు లేదు!

నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను. పాట వచ్చిందంటే మనిషికి సంతోషం వస్తుంది. సంతోషం వచ్చిందంటే భుజం ఊగుతుంది, మణికట్టు గాల్లో తేలుతుంది, కాలు తనంతట తనే తాళం వేస్తుంది. ఇంకేముంది? టెక్నిక్ మట్టిగొట్టుకుపోయినట్టే.

ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టింది నా ఫోన్‌లోని పియానో యాప్. కీబోర్డుకి ఒక వైరు, నా చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి పాఠం చెబుతుంది. నేను చేరి ఏడాది దాటింది. ఇంతవరకూ ఒక్క పాటని కూడా నా దరిదాపులకి రానివ్వలేదు. ఎంత క్రమశిక్షణ! పాటలన్నీ తాళం కప్పల బొమ్మల వెనక కూర్చుని ఉంటాయి. అయిదు వేళ్ళూ సమానమైన బలంతో నొక్కితేగానీ అవి తెరుచుకోవు.

బొటనవేలు పాస్. చూపుడు వేలు పాస్. చిటికెన వేలు, చూడ్డానికి అలా ఉంటుంది గానీ, అదీ పాస్. ఫెయిలయ్యేది ఉంగరం వేలొక్కటే.

దాన్ని తిట్టకండి. మీరే చూడండి. చెయ్యి బల్ల మీద పెట్టి, మధ్య వేలు లోపలికి మడిచి, మిగతావి చాపండి. ఇప్పుడు ఉంగరం వేలు ఎత్తండి. లేచిందా? లేవదు. ఈ దేహంలో ఇంత మొండి సరుకు ఒకటి ఉందని యాప్ చెప్పకపోతే నాకు ఈ జన్మకి తెలిసేదా?

అందుకే దాన్ని గట్టిపరుస్తున్నాను. బస్సులో రబ్బరు బ్యాండు లాగుతాను. మీటింగులో బల్ల కింద స్ప్రింగు నొక్కుతాను. ఇంట్లో బట్టల క్లిప్పులన్నీ నా వేళ్ళకే ఉంటాయి, బట్టలు ఎగిరి పక్కవాళ్ళ బాల్కనీలో పడతాయి. చేతి మీద నాణెం పెట్టుకుని, అది జారకుండా కీలు నొక్కుతాను. ఇప్పుడు పళ్ళు తోముకుంటున్నా నా చేతి మీద నాణెం కదలదు!

ఫలితాలు అడుగుతారా? బిగుసుకుపోయిన సీసా మూత ఎవరింట్లో ఉన్నా మా తలుపే తడతారు. ఆఫీసు లిఫ్టులో ఒక బటన్ నా వేలి దెబ్బకి లోపలికి పోయింది, మళ్ళీ బయటికి రాలేదు. కొత్త మేనేజరుకి షేక్‌హ్యాండ్ ఇచ్చాను. ఆయన చెయ్యి ఊదుకుంటూ, "ఇకమీదట నమస్కారం చాలండీ," అన్నాడు. ఒక్క పాట వచ్చి ఉంటే ఈ గౌరవం దక్కేదా?

ఇంట్లోవాళ్ళకీ ఎంత హాయో. శబ్దమంతా నా హెడ్‌ఫోన్లలోనే. బయటికి వినపడేది కీల చప్పుడొక్కటే.

"ఏంట్రా ఆ టకటకలు? తలుపు బాగుచెయ్యడానికి వడ్రంగి వచ్చాడేమో అనుకున్నా," అంది అమ్మ.

ఇక మా నానమ్మ సంగతి. ఆవిడకి ఒక చెవి ఎప్పుడో మూతపడింది. రెండోది కూడా దుకాణం సర్దేస్తోందని, ఇంకొన్నాళ్ళే అని, డాక్టరు మొన్న చెప్పాడు. మిషను పెట్టినా లాభం లేదన్నాడు. నానమ్మ ఏడవలేదు, గొడవ చెయ్యలేదు. తాతయ్య బతికున్న రోజుల్లో పని నుంచి వస్తూ వీధి మలుపులో సైకిలు మీద వేసే ఈల నా పియానో మీద ఒక్కసారి వినాలంది. ఆ వరస నాకు తెలుసు. చిన్నప్పుడు నా తల దువ్వుతూ ఆవిడ కూనిరాగం తీసేది అదే.

"ఇంకొంచెం ఆగు నానమ్మా, ఉంగరం వేలికి బలం రావాలి," అన్నాను.

"మీ తాత ఈల వేసేవాడు కదరా. దానికి ఏ వేలు గట్టిపడాలి?"

"అది వేరు, ఇది వేరు. పునాది ఉండాలి."

"కట్టు నాయనా, కట్టు. గృహప్రవేశానికి నేను వింటానో లేదో గానీ."

చూశారా, పెద్దవాళ్ళకి టెక్నిక్ విలువ తెలియదు. తప్పు వేలితో ఒక్కసారి అలవాటు పడితే చెయ్యి జన్మలో బాగుపడదని యాప్ మొదటిరోజే హెచ్చరించింది. నేను వినయంగా భయపడ్డాను, ఇప్పటికీ భయపడుతూనే ఉన్నాను.

ఈ సాయంత్రం ఏమైందంటే, ఉంగరం వేలు పాసవడానికి వెంట్రుకవాసి దూరంలో ఉంది. నానమ్మ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. అడగకుండానే నా హెడ్‌ఫోన్లు తీసి, ఒక పక్క తన మంచి చెవికి ఆనించుకుంది. కళ్ళు మూసుకుని కాసేపు విన్నది.

"ఇదేంట్రా, ఎవరో ఊరికే మేడ ఎక్కి దిగుతున్నారు. ఇంటికి మాత్రం రావట్లేదు."

అప్పుడు నా చూపుడు వేలు చెప్పాపెట్టకుండా పక్కకి వెళ్ళింది. వేరే వేళ్ళని పిలవలేదు, నన్నూ అడగలేదు. ఒంటరిగా వెతుక్కుంటూ తాతయ్య ఈలలో మొదటి సగం వాయించేసింది. చేతి మీది నాణెం ఎటో దొర్లిపోయింది.

నానమ్మ వీపు నిటారుగా అయింది. కళ్ళు తెరవకుండానే చేత్తో జుట్టు సర్దుకుంది.

వెంటనే ఫోను ఎర్రగా వెలిగింది. 'తప్పు వేలు. ఇలాగే కొనసాగితే మీ ప్రోగ్రెస్ మొత్తం చెరిగిపోతుంది, మొదటి లెవెల్ నుంచి మొదలుపెట్టాలి. ఆపాలా, కొనసాగించాలా?'

అందుకే ఇంత హడావిడిగా, ఎడమ చేత్తో ఇది టైప్ చేస్తున్నాను. కుడిచేతి చూపుడు వేలు ఇంకా ఆ కీ మీదే ఉంది. ఏడాది కష్టం ఒకవైపు. ఇంకోవైపు హెడ్‌ఫోన్ చెవికి అదిమి పట్టుకుని, సైకిలు మలుపు తిరుగుతుందని ఎదురుచూస్తున్న మా నానమ్మ.

క్రమశిక్షణ గల విద్యార్థిగా ఏం చెయ్యాలో నాకు తెలుసనుకోండి. ఊరికే అడుగుతున్నాను, మీరైతే ఏం చేస్తారు?