సెనేటర్ గారు పట్టిన పందులు

ప్రజల కోసం అవసరమైతే పందినైనా చంపడానికి వెనుకాడనని ఉత్తరాది సెనేటర్ ప్రెస్కాట్ పెంబర్టన్ గారు పత్రికలవాళ్ల ముందు గంభీరంగా ప్రకటించారు. ఆయన ఇంతవరకు దోమను కూడా కొట్టి ఎరగడని ఎన్నికల సభలో ప్రత్యర్థి ఎద్దేవా చేయడమే దీనికి కారణమని గిట్టనివాళ్లు అన్నారు. అది అన్యాయం. టెక్సస్ రైతుల కన్నీళ్లు ఆయన్ని నిద్రపోనివ్వడం లేదు. సొంత రాష్ట్రంలో అడవిపందులు లేకపోవడం ఆయన తప్పు కాదు గదా! అందుకే పరాయి రాష్ట్రానికి వెళ్లి మరీ తొలి వేట ఆడాలని నిశ్చయించుకున్నారు.

కన్నీళ్లు పెట్టుకునే రైతుగా వెర్నా ఓల్డ్‌హామ్ ఎంపికైంది. ఎంపిక చేసినవాడు ఆమె మరిది డెల్బర్ట్. అతను ఆ కౌంటీలో, అంటే ఆ జిల్లాలో, పార్టీ అధ్యక్షుడు. ఎంతటివాడు ఊళ్లోకి వచ్చినా కారు తలుపు తీసే భాగ్యం ఇంకొకరికి దక్కనివ్వని కార్యదక్షుడు.

ఈ వార్త విని వెర్నాకు గుండెల్లో రాయి పడింది. భర్త పోయాక ఆమెకు మిగిలిన ఆధారం వేరుశనగ చేను. కాయ ముదిరింది. ఇంకో పది రోజుల్లో పీకాలి. ఈలోపు పందుల మంద దిగి, ముట్టెలతో సాలుకు సాలే దున్నిపోతోంది. కౌంటీ ఆఫీసు నుంచి ఆమె ఒక బోను అరువు తెచ్చుకుంది. బోనంటే ఇనపవలతో కట్టిన పెద్ద గుండ్రటి దొడ్డి. స్తంభానికి కెమెరా ఉంటుంది. ఫోన్లో మీట నొక్కితే తలుపు దభీమని పడుతుంది.

మీట నొక్కడం ఎవరైనా చేస్తారు. అసలు పని ఓపిక పట్టడం. మూడు వారాలుగా వెర్నా ఆ తలుపు తెరిచే ఉంచి, రోజూ సాయంత్రం లోపల పులిసిన మొక్కజొన్న పోస్తోంది. ముందు పిల్లలు వచ్చాయి, తర్వాత కుర్రపందులు. మందకు పెద్ద అయిన ముసలి ఆడపంది మాత్రం గడప దగ్గరే నిలబడి అందరినీ అనుమానంగా చూసేది. వెర్నా దానికి ఎర్నెస్టీన్ అని తన అత్తగారి పేరు పెట్టుకుంది. ఆ సంగతి డెల్బర్ట్‌కు తెలియదని ఆమె నమ్మకం. నిన్ననే ఎర్నెస్టీన్ ముందుకాళ్లు రెండూ లోపల పెట్టింది. అది పూర్తిగా లోపలికి వస్తే మంద మొత్తం చిక్కినట్టే. అది బయటుండగా తలుపు పడిందా, తుపాకీ పేలిందా, ఇక జన్మలో ఏ బోనూ తొక్కదు. తన వాళ్లను తొక్కనివ్వదు.

"తుపాకీ మోగిందంటే నా మూడు వారాల కష్టం బూడిదలో పోసిన పన్నీరే డెల్బర్ట్!" అంది వెర్నా.

"తుపాకీ ఎవరు పేలుస్తారు వదినా? భుజాన తగిలించుకుంటాడు, అంతే. ఎర్నె... ఆ ముసలిది లోపలికి రాగానే మీట నొక్కుతాడు, ఫొటో దిగుతాడు, పోతాడు. నీ చేనూ బాగుపడుతుంది, నా బతుకూ బాగుపడుతుంది."

"దాని పేరు నీకెవరు చెప్పారు?"

"ఊరంతా అంటున్నారు. అమ్మ పేరులా ఉందనుకున్నాను" అన్నాడు డెల్బర్ట్ అమాయకంగా.

మర్నాడు సెనేటర్ గారి ప్రచార కార్యదర్శి మిస్ హాలోవెల్ ఫోన్ చేసింది. వేట పథకం ఇంత లోతుగా వేయడం ఆ జిల్లాలో అంతకుముందు ఎవరూ చూడలేదు.

"మేడం, పందుల సీజన్ ఎప్పుడు మొదలవుతుంది?"

"సీజనేం లేదమ్మా. ఏడాది పొడుగునా ఉంటాయి."

"ఎన్ని పట్టుకోవచ్చు?"

"ఎన్నయినా పట్టుకుపోండి. నీ పేరు చెప్పుకుని దీపం పెట్టుకుంటా."

"పిల్లలున్న పంది వద్దు. తల్లుల ఓట్లు పోతాయి. మరీ ముసలిది వద్దు, పెన్షనర్లు నొచ్చుకుంటారు. ఒంటరి మగపంది, నడివయసుది, కాస్త క్రూరంగా కనిపించేది ఉందా?"

"వాటిని వరసలో నిలబెట్టి అడగలేదమ్మా."

"పోనీ అవి స్థానికులా, బయటనుంచి వచ్చినవా?"

"ఎప్పుడో ఓడల్లో వచ్చాయంటారు. మొత్తానికి బయటవే."

"చాలా మంచిది" అంది హాలోవెల్. "బయటనుంచి వచ్చి రైతు కష్టం దోచుకునేవాళ్లమీద సెనేటర్ గారికి గట్టి అభిప్రాయాలున్నాయి. మేము గురువారం విమానం దిగుతాం."

గురువారం సాయంత్రం ఆరు కార్లు దుమ్ము లేపుకుంటూ వచ్చాయి. డెల్బర్ట్ మొదటి కారు తలుపు తీశాడు. సెనేటర్ గారు ఆకుల బొమ్మల చొక్కా, ఆకుల బొమ్మల ప్యాంటు, ఆకుల బొమ్మల టోపీతో దిగారు. చొక్కా చంకలో దుకాణం చీటీ వేలాడుతోంది. ఆయన పూసుకున్న అత్తరు గాలివాటున మైలు దూరం పోతుందని వెర్నా లెక్కేసుకుంది. వెనక కార్లలోంచి పత్రికలవాళ్లు దిగారు. వాళ్లు పొద్దుటినుంచీ ఏమీ తినలేదట.

"అమ్మా, మీ కన్నీళ్లు నేను తుడుస్తాను" అన్నారు సెనేటర్ గారు ఆమె చేతులు రెండూ పట్టుకుని.

"తమరు చప్పుడు చేయకుండా కూర్చుంటే అదే పదివేలు బాబూ" అంది వెర్నా. "అందరూ గాదెకొట్టంలో ఉండండి. పందులు వచ్చే వేళయింది. నేను ట్రక్కును తుప్పల చాటుకు తోలి, అక్కణ్ణుంచి ఫోన్లో చూస్తూ చెప్తాను. నేను చెప్పినప్పుడే నొక్కాలి."

"మీట సెనేటర్ గారి ఫోన్లోకి ఎక్కించేశాను వదినా, నువ్వు నిశ్చింతగా ఉండు" అన్నాడు డెల్బర్ట్.

ఆమె ఎన్నడూ అంత నిశ్చింతగా ఉండి ఎరగదు. ట్రక్కును తుప్పల వెనక ఆపి, ఫోన్ తెరిచి చూసి నోరు తెరిచేసింది. గాదెకొట్టంలో కోళ్ల కంపుగా ఉందని మిస్ హాలోవెల్ ఫలహారాల బల్లను మంచి వెలుతురూ చదునైన నేలా ఉన్న చోటుకు మార్పించింది. ఆ చోటు బోను మధ్య. బల్లమీద డోనట్ల పెట్టెలు తెరిచారు. పత్రికలవాళ్లు ఒకరి వెనక ఒకరు తలుపులోంచి లోపలికి పోతున్నారు. అందరికంటే ముందు డెల్బర్ట్ ఉన్నాడు, అతని వెనకే సెనేటర్ గారు.

వెర్నా మరిదికి ఫోన్ చేసింది. "ఒరేయ్, బయటికి రండిరా! అవి వచ్చేస్తున్నాయి!"

"వస్తున్నాం వదినా. సెనేటర్ గారు ఒక్కసారి రిహార్సలు చూసుకుంటామంటున్నారు... అయ్యా, అది కాదండీ, అది..."

తలుపు దభీమని పడింది.

తలుపు ఎత్తే చక్రం బయట ఉంటుంది. లోపలున్న పందులు దాన్ని తిప్పకూడదు గదా. బయట మిగిలిన ఒకే ఒక్క మనిషి వెర్నా. ఆమె ట్రక్కు దిగబోతుండగా మంద వచ్చింది. ముందు ఎర్నెస్టీన్, వెనక దాని సంతానం. అన్నీ బోను చుట్టూ చేరి, వలకు ముట్టెలు ఆనించి, లోపలున్నవాళ్లను చూశాయి. లోపలివాళ్లు డోనట్లు చేత్తో పట్టుకుని వాటిని చూశారు. ఎర్నెస్టీన్ పడిన తలుపును చాలాసేపు పరిశీలించింది.

"వదినా, తలుపు తియ్యి" అని డెల్బర్ట్ ఫోన్లో గుసగుసలాడాడు.

"తీస్తే అవి లోపలికొస్తాయి."

"అదేగా నీకు కావాల్సింది!"

"మీరుండగానా?"

డెల్బర్ట్ ఆలోచించాడు. "వద్దులే" అన్నాడు.

ఆపత్కాలంలోనే నాయకుడు బయటపడతాడు. సెనేటర్ గారు చేతులు తుడుచుకుని, తుపాకీ సరిచేసుకుని, వలకు జానెడు దూరంలో నిలబడి "తియ్యండి ఫొటో!" అన్నారు. కెమెరాల వెలుగు చాలాసేపు మెరిసింది. ఆ తర్వాత ఎర్నెస్టీన్ వెనక్కి తిరిగి, తన వాళ్లను వెంటబెట్టుకుని తిన్నగా వేరుశనగ చేలోకి నడిచింది. వెర్నా హారన్ మోగించింది, అరిచింది, టోపీ విసిరింది. చివరికి వచ్చి చక్రం తిప్పి వాళ్లందరినీ విడిపించింది. అది తిప్పేటప్పుడు ఆమెకు ఏడుపొచ్చింది. సెనేటర్ గారు అది చూసి కదిలిపోయి, ఆనందబాష్పాలని పత్రికలవాళ్లకు చెప్పారు.

ఫొటో దేశమంతా అచ్చయింది. ఇనపవల ఇవతల తుపాకీతో సెనేటర్ గారు, అవతల పందులు. వల ఎవరి చుట్టూ ఉందో ఫొటోలో తెలియదు. "ఒక్క తూటా పేల్చకుండా మందను పట్టిన మహానేత" అని రాశారు. ప్రత్యర్థి మళ్లీ దోమ మాటెత్తలేదు. డెల్బర్ట్‌ను పార్టీ వరాహ నిర్మూలన సంఘానికి అధ్యక్షుణ్ణి చేసింది.

వారం తిరక్కుండా కౌంటీ ఆఫీసు లారీ బోనును తీసుకుపోవడానికి వచ్చింది. మిస్ హాలోవెల్ కూడా దిగింది.

"ఇంకా పందులున్నాయమ్మా. అదుగో, చూడు" అంది వెర్నా.

చేలో ఎర్నెస్టీన్ తీరిగ్గా ఆఖరి సాళ్లు దున్నుతోంది. మిస్ హాలోవెల్ అటు చూసింది. "మేడం, వాటిని పోయిన గురువారమే పట్టేశాం" అంది మృదువుగా. "ఈ బోనును సెనేటర్ గారు తమ రాష్ట్రంలో పార్టీ ఆఫీసు ముందు పెట్టిస్తున్నారు. ప్రజలు చూడాలి."

వెర్నా లారీ కదిలేముందు కిటికీ దగ్గరకు నడిచింది.

"తలుపు తెరిచే ఉంచమనమ్మా. మొక్కజొన్న మాత్రం దండగ" అంది. "డోనట్లు పెట్టమను."