కుడికాలు నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ

ఆ శుక్రవారం కుసుమకుమారి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్న ఏడింటికి మొగుడు గవర్రాజు పోర్టులో డ్యూటీకి వెళతాడు. ఏడున్నరకు అత్త దేముడమ్మ చేపలకని మల్కాపురం బజారుకు వెళుతుంది. వెనువెంటనే కింది వాటా షహజాది ఎండు నెత్తళ్ళ వేపుడు గిన్నె కొంగుచాటున పెట్టుకుని మేడెక్కుతుంది. ఏడో నెల కడుపు, కాళ్ళకు నీరు, ఉప్పుచేప వాసన కూడా సోకనివ్వని అత్తగారు. ఇన్ని ఉన్న ఇల్లాలికి ఇంతకంటే పెద్ద కోరికలుండవు.

అడ్డంకి ఒక్కటే. ఆరింటి రీడింగు.

గవర్రాజు పోర్టులో డ్రాఫ్ట్ సర్వేయరు దగ్గర అసిస్టెంటు. ఓడ ఒంటిమీద అంకెలుంటాయి. నీళ్ళు ఏ అంకె దాకా వచ్చాయో చూసి, సరుకు ఎంత ఎక్కిందో లెక్క తేల్చడం అక్కడి పని. పదమూడేళ్ళు ఓడల పక్కన నిలబడ్డ మనిషికి, పెళ్ళాం కాళ్ళు వాచేసరికి వేరే ఆలోచన రాలేదు.

నెల కిందట డాక్టర్ బుష్రా చెప్పింది మాత్రం తేలిగ్గానే ఉంది. "ఈ నెలల్లో కాళ్ళు వాయడం మామూలేనమ్మా. ఎడం పక్కకు తిరిగి పడుకో. కాళ్ళ కింద రెండు దిళ్ళు పెట్టుకో. ఎక్కువసేపు నిలబడకు, కాళ్ళు వేలాడేసుకుని కూర్చోకు. పొద్దున్నే మంచం దిగకముందే ఈ బిగుతు మేజోళ్ళు తొడుక్కో. కాస్త నడువు. మొహం, చేతులు ఉబ్బి తలనొప్పి వచ్చినా, ఒక కాలే ఎక్కువ వాచినా, ఆలోచించకుండా వచ్చెయ్." ఇందులో దిళ్ళ దాకా కుసుమ విన్నది. చివరి మాట ఒక్కటే గవర్రాజు విన్నాడు.

ఆ సాయంత్రమే రెండు పిక్కల మీదా మార్కరు గీతలు పడ్డాయి. రోజూ పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ ఆ గీతల దగ్గర టేపు చుట్టి కొలత చూడాలి.

"ఎడమా కుడీ ఒక్కడే సూడకూడదు. ఇటు సూసిన అంకె అటు గుర్తొచ్చి కన్ను మోసం సేత్తాది," అని ఎడమకాలు తాను పుచ్చుకుని, కుడికాలు తల్లికి అప్పగించాడు. ఒకరి పక్కలో ఇంకొకరు వేలు పెట్టకూడదు. ఇది పోర్టువాళ్ళ రూలు కాదు, గవర్రాజు రూలు. అందుకే మరీ గట్టిది.

ఆ శుక్రవారం పొద్దున రెండో టేపు కనబడలేదు. ఆ టేపుతోనే దేముడమ్మ ముందురోజు మునగకాడల కట్ట కట్టి తగరపువలసలో తమ్ముడింటికి పంపేసింది. ఆ సంగతి ఆమెకు గుర్తు లేదు. గబగబా కిందికి దిగి, షహజాది కుట్టుమిషను పక్కన మేకుకు వేలాడుతున్న టేపు తీసి మెళ్ళో వేసుకుని వచ్చింది. షహజాది నమాజులో ఉంది గనక అడగనక్కర లేకపోయింది.

"ఎడమ ముప్పై అయిదు," అన్నాడు గవర్రాజు పుస్తకంలో రాసుకుంటూ. "అమ్మా, కుడి?"

"ముప్పై తొమ్మిది."

"ఏటి?"

"ఏటేటి? మూడూ, తొమ్మిదీ. నాను బళ్ళోకెల్లలేదేటి?"

"మళ్ళీ కొల్సు."

దేముడమ్మ మళ్ళీ కొలిచింది. ముప్పై తొమ్మిది. కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి కొలిచింది. టేపు ఒక్క గీత కూడా దిగి రాలేదు.

"నువ్వోపాలి సూడరాదేటి బావా," అంది కుసుమ.

"నాను సూడకూడదే. అది అమ్మ పక్క," అన్నాడు గవర్రాజు.

కుసుమకు పిక్కలో సన్నగా పోటు మొదలైంది. ఆ అంకె వినేదాకా అక్కడ పిక్క ఉన్న సంగతే ఆమెకు పట్టలేదు. పెళ్ళయిన ఆరేళ్ళకు నిలిచిన కడుపు. నెత్తళ్ళు ఎటు పోయాయో పోయాయి; చెయ్యి తనంతట తానే పొట్ట మీదికి వెళ్ళింది. రోజూ ఆ వేళకు లోపలి మనిషి ఒకసారి తన్నాలి. తన్నలేదు.

"ఆముదం రాసి రుద్దీమంతావా?" అంది దేముడమ్మ సీసా అందుకుంటూ.

"రుద్దకే అమ్మా! రక్తం గడ్డ కట్టుంటే కదిలిపోద్ది!" గవర్రాజు సీసా లాక్కున్నాడు. "కుసుమా, కాలు కింద పెట్టకు. అసలు పెట్టకు."

ఫోను చేస్తే డాక్టరు వెంటనే రమ్మంది. కింద షహజాది మొగుడు ఖాజా ఆటో తుడుస్తున్నాడు. ఆటో సరే, మేడ మీంచి మనిషి దిగడం ఎలా? కుసుమను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కుడికాలు చాపి, దాని కింద దిళ్ళు పెట్టి గవర్రాజూ ఖాజా కలిసి ఎత్తారు. ఎదురింటి నీలకంఠం స్టీల్‌ప్లాంటులో క్రేను నడిపి రిటైరైన మనిషి. లోడు దిగుతోందని తెలిస్తే ఇంట్లో ఉండలేడు. వచ్చి మెట్ల కింద నిలబడి చేతులతో సైగలు మొదలుపెట్టాడు.

"ఆయనేటి ఎగరేత్తన్నాడు?" అన్నాడు ఖాజా రొప్పుతూ.

"నాకేటి తెల్సు బావా, నాది ఓడలు," అన్నాడు గవర్రాజు.

పిడికిలి బిగించి చూపిస్తే ఆగమని అర్థమట. ఇద్దరూ ఆగలేదు. మెట్ల మలుపులో కాలు గోడకు అడ్డం పడి కుర్చీ ఇరుక్కుంది. మళ్ళీ పైకెక్కించి, తిప్పి, కుసుమను వెనక్కి వెనక్కి దించారు. తన ఇల్లు తన కళ్ళముందే పైకి వెళ్ళిపోతూంటే ఆమె కుర్చీ చేతులు పట్టుకుని చూస్తూ కూర్చుంది.

ఆటోలో కాలు పట్టలేదు. బయటికి రెండడుగులు వచ్చింది.

"బండి దాటి వచ్చిన లోడుకి ఎర్రగుడ్డ కట్టకపోతే పోలీసోళ్ళు ఆపెయ్యరా?" అని నీలకంఠం గద్దించాడు. ఇనపచువ్వల లారీలు తిరిగే ఊరు. ఆ మాటకు ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు. షహజాది పెళ్ళికూతురి జాకెట్టుకని తెచ్చిన ఎర్రముక్క పరుగున తెచ్చి కుసుమ పాదానికి కట్టి, తానూ ఆటో ఎక్కింది. దేముడమ్మ అప్పటికే ఎక్కి, కోడలి తల ఒళ్ళో పెట్టుకుని దేవుళ్ళను పేరుపేరునా పిలుస్తోంది.

ఎర్రగుడ్డ కట్టినా కూడలిలో కానిస్టేబులు ఆపాడు.

"ఏటిది?"

"కాలు సార్," అన్నాడు ఖాజా.

"అది కనపడతంది. కేసేటని?"

"నాలుగు సెంటీమీటర్లు బాబూ!" లోపలినుంచి దేముడమ్మ ఏడుపు.

కానిస్టేబులుకు కిందటి నెలే కూతురు పుట్టింది. నాలుగు సెంటీమీటర్లు తెరుచుకుందంటే కాన్పు దగ్గర పడ్డట్టేనని ప్రసూతి వార్డు బయట నిలబడి నేర్చుకున్నాడు. మారుమాట లేకుండా మోటారుసైకిలెక్కి, ఈల వేసుకుంటూ ముందు నడిచాడు. దారిలోనే ఆస్పత్రికి ఫోను కూడా చేశాడు. వీళ్ళు చేరేసరికి స్ట్రెచరు, ఇద్దరు నర్సులు గుమ్మంలో సిద్ధం. "నెప్పులు కాదమ్మా, కాలు!" అని గవర్రాజు వెంటపడి అరుస్తూనే ఉన్నాడు. ప్రసవాల గది తలుపు అతని మొహం మీదే మూసుకుంది.

డాక్టర్ బుష్రా రెండు కాళ్ళూ తడిమింది, నొక్కింది, వేడి చూసింది. జేబులోంచి టేపు తీసి తానొక్కతే రెండు పిక్కలూ కొలిచింది.

"ఎడమ ముప్పై అయిదు. కుడి ముప్పై అయిదు."

కుసుమ మెడ సాచి తానూ ఆ అంకె చూసుకుంది.

"గడ్డ లక్షణం ఏదీ కనబడటం లేదు. ఎలాగూ వచ్చారు గనక స్కాను కూడా చూసేద్దాం," అంది డాక్టరు.

స్కానులో రక్తం కాలి నరాల్లో పంపుసెట్టు నీళ్ళలా హాయిగా పారుతోంది. బీపీ బాగుంది. స్కాను మిషను చప్పుడుకో ఏమో, లోపలి మనిషి మేలుకుని పొట్టలో ఒక్క తన్ను తన్నింది. కుసుమ నవ్వింది, ఆ వెంటనే కళ్ళు తుడుచుకుంది, ఆ వెంటనే ఆకలేస్తోందని చెప్పింది. కబురు బయటికి వచ్చేసరికి గవర్రాజు బల్ల మీద కూలబడి, తువ్వాలులో మొహం దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఖాజా అటు తిరిగి గోడ మీది టీకాల పట్టిక చదువుతున్నట్టు నిలబడ్డాడు.

"మరి ముప్పై తొమ్మిది ఎలా వచ్చింది?" అంది డాక్టరు.

దేముడమ్మ మెళ్ళోంచి టేపు తీసి ఇచ్చింది. డాక్టరు దాని మొన పట్టుకుని చూసింది. ఆ టేపు నాలుగుతో మొదలవుతోంది.

"హా, మొన చిరిగిపోతే కత్తిరించేశానండీ," అంది షహజాది. "నాకు ఎరికే గదా, ఎప్పుడూ నాలుగు తీసేసే కుడతాను."

"మరి నా జాకెట్లు సంచుల్లాగున్నాయేటే?" అంది దేముడమ్మ.

"అరే పిన్నీ, నీ ఒక్కదానికే మరిచిపోయుంటా."

"కొలవడం మంచిదే గవర్రాజుగారూ," అంది డాక్టరు నవ్వాపుకుంటూ. "కాకపోతే ఒకే మనిషి, ఒకే టేపు, రెండు కాళ్ళూ." అంటూనే ఆమె చూపు కిందికి దిగి ఆగింది. "అమ్మా, మీ కాళ్ళేంటి?"

దేముడమ్మ చప్పున చీర కుచ్చిళ్ళు కిందికి లాక్కుంది. "నాకేటమ్మా! మా ఇంటోళ్ళయన్నీ ఇలాగే ఉంటాయి."

డాక్టరు వంగి బొటనవేలితో నొక్కింది. చపాతీ పిండిలో పడ్డట్టు సొట్ట పడి, పూడకుండా అలాగే ఉండిపోయింది. పిక్కల మీద నరాలు ఓడ తాళ్ళలా మెలికలు తిరిగి ఉన్నాయి. బీపీ నూట డెబ్భై.

"ఎన్నాళ్ళయింది?"

"ఈడు బళ్ళో సేరకముందు నుంచీ."

గవర్రాజు నెలరోజులుగా పొద్దునా సాయంత్రం ఆ కాళ్ళకు ఎదురుగానే కూర్చున్నాడు. ఏం చేస్తాడు, అవి అతని పక్కలోవి కావు.

"భయం లేదు, మందులతో అదుపులోకి వస్తుంది," అంది డాక్టరు చీటీ రాస్తూ. "రేపు పరీక్షలకు రండి. పొయ్యి దగ్గర గంటలు గంటలు నిలబడకండి. పడుకున్నప్పుడు కాళ్ళ కింద దిళ్ళు. ఉప్పు తగ్గించాలి."

"ఉప్పుచేప?" అంది కుసుమ చాలా అమాయకంగా.

"ఆవిడకు అసలొద్దు. నువ్వు ఎప్పుడైనా ఓ రెండు ముక్కలు తింటే ఏమీ కాదు."

కుసుమ షహజాది వైపు చూసింది. షహజాది కొంగు సర్దుకుంది.

తిరుగు ప్రయాణంలో ఆటోలోంచి బయటికి వచ్చిన కాలు దేముడమ్మది. "సిగ్గు పోతంది, లోపలికి లాక్కోనీరా!" అని ఆమె దారంతా తిడుతూనే ఉంది. పాదానికి అదే ఎర్రముక్క. కూడలిలో ఆ కానిస్టేబులు చూసి, కాలు మారిందని గ్రహించి, ఏమీ అడక్కుండా సెల్యూట్ చేశాడు. ఇంటి దగ్గర కుర్చీ, ఖాజా, నీలకంఠం సైగలు మళ్ళీ మామూలే. కుసుమ మాత్రం మేజోళ్ళు తొడుక్కున్న కాళ్ళతో, ఒక్కొక్క మెట్టే తీరిగ్గా ఎక్కింది.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో రెండు మంచాల మీద నాలుగు కాళ్ళు దిళ్ళెక్కాయి. గవర్రాజు కొత్త టేపు కొని, నాలుగూ తానే కొలిచి, తరవాత టీ పెట్టి, గిన్నెలు తోమి, కూర తరిగి డ్యూటీకి పరిగెడుతున్నాడు.

ఓడలు రెండూ క్షేమంగా లంగరేసుకుని ఉన్నాయి. హమాలీ మాత్రం ఒక్కడే.