ఇరవై నాలుగు గోడల మహాసంగ్రామం

పక్కవాటాలో బట్టలు కుట్టే ఆవిడ కిటికీలోంచి చూసి పాలాయనతో అన్నదట, పాలాయన మధ్యాహ్నానికల్లా వీధంతా పంచిపెట్టాడు: బోర్డుల పెయింటరుకు మతి చలించింది, పొద్దున్నుంచి కంప్యూటరుకు సున్నం కొడుతున్నాడు అని.

నిప్పు లేనిదే పొగ రాదు. ఆ నిప్పు ఇట్టిది.

ప్రచండభానుకిరణసంతప్తమై ఇంటి రేకులు పెనంలా కాగుతున్న వేళ, గోడకానించిన నిచ్చెనయు, డబ్బాలోని కుంచెలును మౌనసాక్షులై చూచుచుండగా, ముప్పైయేళ్లుగా ఊరి దుకాణాల నుదుళ్లన్నింటిపై రాత రాసిన విధాత, వర్ణలిప్తాంగుళీకుడు, నిచ్చెనారోహణధురంధరుడు, గీసిన గీతకు రెండోసారి కుంచె ముట్టించని మహావీరుడు, కోడలి ల్యాప్‌టాప్ ముందు కొత్త పెళ్లికొడుకులా బిగుసుకుని కూర్చుండెను.

యుద్ధకారణం చెప్పుల షాపు. తండ్రి హయాం నుంచి ఈయన చేతి బోర్డే పెట్టుకున్న యజమాని, ఇప్పుడు టీవీలాంటి తెర బిగించి, కదిలే బొమ్మ కావాలన్నాడు. సాయంత్రం అయిదులోగా చూపిస్తే సరి, లేకుంటే వేరేవాళ్లకు ఇచ్చుకుంటానన్నాడు. ఊళ్లో ఈ కుంచెకు మిగిలిన షాపు అదొక్కటే.

కోడలు బడిలో డ్రాయింగ్ టీచరు. ఎవరైనా ముందు నేర్చేది బంతి ఎగరేయడమేననీ, సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు గీయాలనీ చెప్పి బడికి పోయింది.

అంతట వీరుడు ఏకపుచ్ఛధారియగు మౌసును ఒడిసిపట్టి ఎర్రబంతిని సృజించెను. అది పైకి లేవాలి. ముప్పైయేళ్ల చేయి ఏం చేస్తుంది? పాత బోర్డుకు చేసినట్టే తెల్లరంగు పూసి బంతిని పూడ్చిపెట్టి, గోరంత పైన ఇంకోటి గీసింది. దాన్నీ పూడ్చింది. ఇట్లు ఇరవై మూడు బంతులు శ్వేతలేపనసమాధిగతములు కాగా, విజయకాంక్షాపూరితుడై ప్లే బటన్ నొక్కెను.

తెరపై ఒంటరిగా మిగిలిన బంతి బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది.

"ఓరి గోళాకారపు మొండిఘటమా!" అని వీరుడు గర్జించెను. "నేను గీసిన సింహం ఎక్కడ మీద దూకునోయని జనులు గోడ వదిలి దూరంగా నడిచిన రోజులు కలవు. ఇరవై నాలుగు జన్మలెత్తించిన నీకు ఒక్క ఎగురు ఎగరడానికేమి రోగము?"

బంతికి చెవులు లేవు. వంటింట్లో ఉన్న భార్యకు ఉన్నాయి. దానికి కాస్త తిండి పెట్టి చూడమంది.

నాలుగింటికి కోడలు వచ్చి, చూసి, పెదవి కొరుక్కుంది.

"మామయ్యా, మీరు ఒకే గోడకి ఇరవై నాలుగు పూతలు వేశారు. ఇక్కడ ఇరవై నాలుగు గోడలుండాలి. గోడకో బంతి."

"మరి పాత గోడ?"

"దాన్నలాగే వదిలేయాలి. ముట్టుకోకూడదు."

వదిలేయడం! ఆ మాట శూలమై దిగింది. కింది బోర్డు కనబడకుండా పూడ్చనిదే మీది బోర్డు రాయడం ఆయన వంశంలో లేదు. అయినను గురువాక్యం శిరసావహించి, గోడ వెంట గోడ లేపుచు, మెడ పట్టినను, ఏడవ బంతి కోడిగుడ్డయినను, వెనుదీయక పోరాడెను. చేయి అలవాటు కొద్దీ తెల్లరంగు వైపు జారినప్పుడల్లా కోడలు "మామయ్యా" అనేది. చేయి దొంగపిల్లిలా వెనక్కి వచ్చేది.

అయిదుకు పది నిముషాలు. ప్లే.

బంతి లేచింది. దిగ్గజములు ఘీంకరించినట్లు, దుందుభులు మ్రోగినట్లు వీరుని చెవులు గింగురుమనగా, భూమ్యాకాశమధ్యమున ఆరంగుళాల ఎత్తుకు, ఒక్క సెకను కాలం పాటు, బంతి ఎగిరి పడెనని లోకులెల్లరికీ ఇందుమూలముగా తెలియజేయడమైనది.

ల్యాప్‌టాప్‌ను పసిబిడ్డలా గుండెకద్దుకుని ఆయన షాపుకు పరుగెత్తాడు, వెనకాలే కోడలు. యజమాని గడ్డం గోక్కుంటూ మూడుసార్లు చూశాడు.

"బంతి బాగా ఎగిరింది బాబాయ్. మేం అమ్మేది చెప్పులు."