చమేలీకి తలంటు

మద్దేడ్ జంగిల్ బంగ్లాకు కావలివాడు కావాలని తెలిసినప్పటి నుంచీ రామనర్సయ్యకు కలలో కూడా ఖాకీ కోటే కనిపిస్తోంది. ఆ ఉద్యోగంలో పనేముంది? తాళంచెవుల గుత్తి నడుముకు దోపుకుని వరండాలో కూర్చోవడమే. కూర్చోవడంలో ఆయనను మించినవాడు బస్తర్ సంస్థానం మొత్తంలో లేడు.

అందుకే రేంజరు దొర జగదల్‌పూర్ వెళ్తూ, దొరసాని ముద్దుల కుక్క చమేలీని ఎవరింట్లో ఉంచాలా అని చూస్తుంటే మనవాడు ముందుకు ఉరికాడు. చమేలీ జానెడు కుక్క, మూరెడు బొచ్చు. "రోజూ దువ్వాలె" అని దొరసాని మరీ మరీ చెప్పి బండెక్కింది.

తొమ్మిది రోజులూ రామనర్సయ్య "రేపు దువ్వుత" అన్నాడు. చమేలీ చేలగట్ల వెంట తిరిగి ఊళ్లో ఉన్న ఉత్తరేణి గింజలన్నీ ఒంటికి అంటించుకొచ్చింది. పదోనాటి పొద్దున చూస్తే దానికి ముందేదో వెనకేదో తెలియడం లేదు. దొరసాని వచ్చేది మర్నాడే.

"కుంకుడుకాయలు తియ్యి, తలంటుత" అన్నాడు భార్య ఉప్పలమ్మతో.

"ముందుగాల నూనె రాసి చిక్కు తియ్యాలె. నీళ్లు పడితే బిగుసుకుంటదయ్యా."

"ఇరవై ఏండ్ల సంది బర్లను కడుగుతున్న. నాకు చెప్తవా?"

"బర్రెకు జడుంటదా ఏంది?"

ఆయన వినలేదు. గంటలో చమేలీ తడిసి ఆరిన గొంగడి ముద్దలా తయారైంది. అప్పుడు గుర్తొచ్చింది నూనె. గిన్నెడు ఇప్పనూనె దాని మీద కుమ్మరించాడు. అది చేతుల్లోంచి జారి, వాకిట్లో ఎండబోసిన ఇప్పపూలలో పడి ఆపాదమస్తకం పొర్లింది.

ఇప్పపూలంటే మేకలకు ప్రాణం. పక్కింటావిడ పొజ్జే మేకలు ఏడూ తలలెత్తాయి. కళ్లెదుట ఇప్పపూల కుప్పకు కాళ్లొచ్చి పరుగెడుతోంది! ముందు చమేలీ, వెనక మేకలు, ఆ వెనక రామనర్సయ్య. ఊరంతా మూడు చుట్లు తిరిగారు. చివరికి చమేలీ వచ్చి ఉప్పలమ్మ ఒళ్లో దూరింది.

"నా నౌకరి పాయె" అని కూలబడ్డాడు రామనర్సయ్య. కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి.

ఉప్పలమ్మకు జాలేసింది, నవ్వూ వచ్చింది. "ఏడ్వకు, నేను తీస్త. గని దొరసాని అడిగితే అంత నువ్వే చేసినవని చెప్పాలె."

"నిజంగనా?" ఇంత మంచి ఇల్లాలిని ఇన్నాళ్లూ పోల్చుకోలేకపోయానే అని ఆయన నొచ్చుకున్నాడు.

ఉప్పలమ్మ పొద్దుగూకేదాకా కూర్చుంది. వేళ్లతో ముడులు విడదీసి, చెక్క దువ్వెనతో కొసల నుంచి మొదళ్లకు దువ్వి, ఆ తర్వాతే కుంకుడు పులుసు పోసింది. తెల్లారేసరికి చమేలీ తళతళలాడుతోంది.

బంగ్లా ముందు బండి దిగి, చమేలీని చూసి దొరసాని మురిసిపోయింది. "ఎవరు దువ్విన్రు?"

"నేనే దొరసానీ!" రామనర్సయ్య రొమ్ము విరుచుకున్నాడు.

"షాబాష్! ఇసొంటోడి కోసమే చూస్తున్న." ఆమె బండి పరదా తొలగించింది. లోపలి నుంచి మరో నాలుగు చమేలీలు కిందికి దూకాయి. "మా అక్క ఇచ్చింది. ఇగ నుంచి అయిదింటినీ రోజూ నువ్వే దువ్వాలె."

"మరి బంగ్లా కావలి?"

"నీకు తీరికేడిది?" దొరసాని తాళంచెవుల గుత్తి, ఖాకీ కోటు ఉప్పలమ్మ చేతిలో పెట్టింది. "పోయేనాడే చెప్పిన గద ఉప్పలమ్మా, దువ్వేటోణ్ణి చూసిపెడితే బంగ్లా కావలి నీదేనని. మాటంటే మాటే."

రామనర్సయ్య భార్య వైపు చూశాడు. ఆమె అప్పటికే చీర మీద ఖాకీ కోటు తొడుక్కుని, వరండాలో తీరిగ్గా కూర్చుంది.

"కొసల నుంచయ్యా" అంది.

ఆయన దువ్వెన తీసుకుని కొసల నుంచే మొదలుపెట్టాడు.