దర్జీ నడుము కొలత

ఐదున్నరకు లేవాలి, చక్కెర లేని కాఫీ తాగాలి, వీధి చివరిదాకా మూడుసార్లు నడిచి రావాలి, ఆపైన నడుము కొలుచుకోవాలి. దర్జీ పెట్టుకున్న నియమం ఇది. ఇంతకుముందు మూడుసార్లు ఇలాగే మొదలుపెట్టి, మూడుసార్లూ పదిహేను రోజులు తిరక్కుండానే మానేశాడు. బరువు తగ్గకపోతే మోకాళ్లు మిషను తొక్కనివ్వవని డాక్టరు తేల్చి చెప్పాక నాలుగోసారి పూనుకున్నాడు.

"ఈసారి ఎన్నాళ్లండీ?" అని భార్య అడిగింది.

"నువ్వు అడగడం మానేసేదాకా."

మొదటి రోజు నడుము నలభై నాలుగు అంగుళాలు. రెండు వారాలు గడిచినా అంతే. మూడో వారం ఆయన ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని, టేపును రెండు చేతులా బిగించి లాగాడు. పావు అంగుళం తగ్గింది. ఆ పావు అంగుళానికే ఏనుగెక్కినంత సంబరపడ్డాడు. అప్పటినుంచి రోజూ అదే లాగుడు. మూడు నెలలకు టేపు నలభై ఒకటి చూపించింది. లొంగింది పొట్టా, టేపా అన్న అనుమానం ఆయనకు రాలేదు. శుభవార్త తెచ్చినవాణ్ని ఎవరు నిలదీస్తారు?

ఆ కొట్లో మనుషుల కొలతలు తీసేది ఆయన, ఆ పాత గుడ్డ టేపుతోనే. బట్ట కత్తిరించేది భార్య, బల్లమీది ఇనుప స్కేలుతో. ఇరవై ఏళ్లుగా ఇద్దరి లెక్కకూ తేడా రాలేదు. ఇప్పుడు కుట్టిన బట్టలు ఒక్కొక్కటే వెనక్కి రావడం మొదలైంది. బస్సు డ్రైవరుకు యూనిఫారం ప్యాంటు గుండీ పడలేదు. హెడ్‌మిస్ట్రెస్‌గారి కోటు వేసుకోవడం వరకు బాగానే ఉంది కానీ, విప్పడానికి ఇద్దరు టీచర్లు సాయం పట్టాల్సివచ్చింది.

మళ్లీ కొలవమని డ్రైవరు బతిమాలాడు. దర్జీ టేపు ముట్టుకోలేదు.

"టేపు అబద్ధం చెప్పదు. నన్ను చూడు, మూడు అంగుళాలు తగ్గాను. కొలతలిచ్చి వెళ్లిన వారంలో నువ్వు ఒళ్లు చేశావు. కుట్టు విప్పను. నువ్వే తగ్గి రా."

డ్రైవరుకు రోషం వచ్చింది. మర్నాడు ఐదున్నరకల్లా కొట్టు ముందు నిలబడ్డాడు. సాకులు చెప్పే పిల్లల్ని జీవితమంతా మందలించిన హెడ్‌మిస్ట్రెస్‌గారు తాను సాకు చెప్పలేక వచ్చారు. నెల తిరిగేసరికి దర్జీ వెనక బట్టలు పట్టని పదకొండుమంది నడుస్తున్నారు. ముందు నడుస్తూ ఆయన పట్టుదల గురించి ఉపన్యాసాలిచ్చేవాడు. పదకొండు ఇళ్లలో కాఫీ చప్పబడింది. ఆ ఇళ్లవాళ్లు ఆయన్ని తిట్టుకున్నారు కూడా.

చివరికి గుట్టు విప్పింది కిటికీ. కర్టెన్ కోసం ఆయన కొలిచాడు, ఆమె కత్తిరించింది. వేలాడదీస్తే బెత్తెడు పొట్టిగా వచ్చింది.

"మనుషులు ఒళ్లు చేశారన్నారు, నమ్మాను," అందామె. "కిటికీ కూడా చేసిందా?"

టేపు తెచ్చి స్కేలు పక్కన పరిచింది. రోజూ లాగిన లాగుడుకు టేపు సాగిపోయి, దాని మీద నలభై ఒకటి దగ్గర స్కేలు ప్రకారం నలభై మూడు ఉంది. ఆమె నవ్వలేదు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె చూపిన దయల్లో అది పెద్దది. ఎవరికీ చెప్పొద్దని మాత్రం బతిమాలింది. వాళ్లు తిడతారని కాదు, ఆ సిగ్గుతో ఈయన నాలుగోసారీ మానేస్తాడని.

మర్నాడు దర్జీ కొత్త టేపు పట్టుకుని పదకొండుమంది ముందు నిలబడి ఉన్నదంతా చెప్పేశాడు.

"అంటే నేను లావెక్కలేదన్నమాట," అన్నాడు డ్రైవరు.

"లేదు. తప్పు నాదే."

హెడ్‌మిస్ట్రెస్‌గారు టేపు లాక్కుని అందరినీ వరసగా నిలబెట్టారు. దర్జీ రాసుకున్న పాత కొలతలకు టేపు సాగుడు కలిపి చూస్తే, నెల రోజుల్లో డ్రైవరు రెండు అంగుళాలు తగ్గాడు. ఆమె ఒకటిన్నర. ఒకటికి తక్కువ తగ్గినవాళ్లు ఎవరూ లేరు. దర్జీ నాలుగు నెలలకు తగ్గింది ఒకటే.

"క్లాసులో ఆఖరు మీరే, మాస్టారూ," అన్నారావిడ.

దర్జీకి చెవులు ఎర్రబడ్డాయి. అయినా తల దించలేదు.

"మూడింట్లో రెండు టేపువి, ఇచ్చేశాను. ఈ ఒక్కటి నాది. పోనివ్వను. మీరొచ్చినా రాకున్నా రేపు ఐదున్నరకు నేను నడుస్తాను."

మర్నాడు ఐదున్నరకు కొట్టు ముందు ఒక్కరూ లేరు. కిటికీలోంచి భార్య చూస్తోందని తెలుసు. వెనక్కి తిరక్కుండా ఒంటరిగానే బయలుదేరాడు. మలుపు దగ్గర ఎదురుగా పదకొండుమందీ వస్తూ కనిపించారు, అప్పటికే చెమటలు కక్కుతూ.

"ఐదింటికే మొదలెట్టాం, మాస్టారూ," అన్నాడు డ్రైవరు ఆగకుండానే. "ఏమనుకోకండి, మీ నడకతో మాకు కుదరట్లేదు."

నాలుగు నెలల వ్యాయామంలో దర్జీ మొదటిసారి పరుగెత్తింది ఆ రోజే.