నీళ్ల కోసం నలభై చొక్కాలు

పాఠక మహాశయులకు తెలియజేయడమేమనగా, ఈ వీధికి కుళాయి నీళ్లు రాక పదకొండు రోజులైంది. వారానికో ట్యాంకరు మాత్రం వస్తోంది. అది రోజూ రావాలని అడగడానికి వీధి సంఘం సమావేశమై, ముందుగా అందరూ ఒకే రకం టీషర్టులు తొడుక్కోవాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. నీళ్ల సంగతి తర్వాతి సమావేశానికి వాయిదా పడింది.

వాటి మీద నినాదం అచ్చువేసే పని రిటైరైన హెడ్‌క్లర్కు గారి నెత్తిన పడింది. ఆయనకది బొత్తిగా రాదు. అయితే ముప్పై ఏళ్లు రాని పనులే చేసి పింఛను పుచ్చుకుంటున్న మనిషి, జంకుతారా? ఫోనులో పాఠం చూసి చెక్క చట్రానికి సన్నటి జాలీగుడ్డ బిగించారు. వెలుగు తగిలితే గట్టిపడే మందు దానికి పూసి, చీకట్లో ఆరబెట్టడానికి స్నానాలగదిని స్వాధీనం చేసుకున్నారు. నల్లటి అక్షరాలున్న పారదర్శక కాగితం పరిచి దీపం వెలుగు చూపారు. ఇక నీళ్లతో కడిగితే అక్షరాల మేర మందు కొట్టుకుపోయి రంగు దిగడానికి దారి ఏర్పడుతుంది. రెండు బకెట్లు పట్టింది. ‘మాకు నీళ్లు కావాలి’ అని ముత్యాల్లాంటి అక్షరాలు తేలాయి. ఆయన మురిసిపోయారు.

అక్కడితో ఊరుకుంటే హెడ్‌క్లర్కు ఎలా అవుతారు? అలవాటు కొద్దీ చట్రాన్ని ఆమోదం కోసం పంపారు. అధ్యక్షుడు ‘సవినయంగా’ చేర్చమన్నాడు. కొత్త చట్రం, రెండు బకెట్లు. కార్యదర్శి అధ్యక్షుడి బొమ్మ వేయమన్నాడు. ఇంకో రెండు. తన బొమ్మ లేదని ఉపాధ్యక్షుడు అలిగాడు. ఇంట్లో డ్రమ్ము అడుగంటితే ఇరుగుపొరుగు తమ డ్రమ్ములు సంతోషంగా దొర్లించుకొచ్చారు. ఉద్యమమంటే అదీ!

భార్య మాత్రం గుమ్మంలో నిలబడి అడిగింది.

“ఏమండీ, అత్తయ్య మాత్ర వేసుకోడానికి గ్లాసుడు నీళ్లన్నా ఉంచారా?”

“పోరాటమన్నాక త్యాగాలు తప్పవే,” అన్నారాయన, పదకొండో చట్రం కడుగుతూ.

సరిగ్గా అప్పుడే నీళ్ల ఆఫీసు ఇన్‌స్పెక్టరు విచారణకు వచ్చాడు. ఇంటిముందు కాలువ పొంగిపొర్లుతోంది. ‘ఈ వీధియందు నీటి కొరత కనబడలేదు. వారపు ట్యాంకరు సైతం అనవసరము’ అని రాసుకుని వెళ్లాడు.

మర్నాడు నలభై మంది నలభై చొక్కాలతో ఆఫీసు ముందు బారులు తీరారు. ఇంజనీరుగారు స్వయంగా బయటికొచ్చి ప్రసంగించారు. “నా సర్వీసులో ఎన్నో విజ్ఞాపనలు చూశాను. ఇంత చక్కగా అచ్చయింది మాత్రం ఇదే. మీ వీధి అందరికీ ఆదర్శం,” అన్నారు. చప్పట్లు మోగాయి. ట్యాంకరు రద్దయింది. ఎవరూ గమనించలేదు.

హెడ్‌క్లర్కు గారు ఇంటికి రాగానే మంచం మీద తల్లి, అరచేతిలో మాత్ర పట్టుకుని, కళ్లజోడు సవరించుకుని కొడుకు రొమ్ము మీది అక్షరాలు కూడబలుక్కుంది.

“నాకూ కావాలి నాయనా, నీళ్లు. పొద్దుట్నుంచీ నోరెండిపోతోంది.”

ఆయన గుండె తరుక్కుపోయింది. క్షణం ఆలస్యం చేయకుండా నలభై ఒకటో చొక్కా అచ్చువేసి, ఇస్త్రీపెట్టెతో రంగు ఆరబెట్టి, తన చేతులతో ఆవిడకు తొడిగారు. వీధి వీధంతా వచ్చి ఆ మాతృభక్తిని మెచ్చుకుని ఫోటో తీసుకుంది. కావలసినవారు చూసుకోవచ్చు. వెనక వరుసలో చప్పట్లు కొడుతున్నవాళ్లలో మీరూ ఉన్నారు.