ఎర్రచుక్కకు తోక

శనివారం పొద్దున్నే వంటింటి బల్ల మీద పాత తువ్వాలు పరిచి, తుపాకీలో తూటా లేదని మళ్ళీ మళ్ళీ చూసుకుని, దాని వీపు మీద రెడ్ డాట్ బిగించడానికి వెండెల్ కూర్చున్నాడు. చిన్న గాజు కిటికీ లాంటి వస్తువు అది. అందులోంచి చూస్తే ఒక ఎర్రచుక్క కనిపిస్తుంది. చుక్కను పిట్ట మీద పెట్టి మీట నొక్కడమే. పలహారం వేళకి బిగించేసి, ఎండెక్కాక కాగితం మీద గురి సరిచూసుకోవాలని అతని ఆలోచన. అడవి టర్కీ కోళ్ళ వేట వచ్చే వారమే మొదలు.

నిరుడు ఇలాగే మొదటి రోజున, తెల్లవారీ తెల్లవారని వెలుగులో, ఎదురుగా నిలబడ్డ టర్కీని అతను తుపాకీ పేల్చి కూడా కొట్టలేకపోయాడు. "రెక్కలు దులుపుకుని దర్జాగా ఎగిరిపోయింది. నా కళ్ళతో నేను చూశాను," అని బావమరిది డ్వైట్ ఏడాది పొడుగునా చర్చి భోజనాల్లో చెబుతూనే ఉన్నాడు. నలుగురూ నవ్వినందుకు కాదు వెండెల్ బాధ. అతను బడి బస్సు నడుపుతాడు. కళ్ళు తగ్గాయని ఎవరికైనా తోచిందంటే బస్సు తాళాలు లాగేసుకుంటారు. పొలం అమ్మేశాక పొద్దున్నే లేవడానికి అతనికి మిగిలిన కారణం ఆ బస్సే. అందుకే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా తుపాకీకి కళ్ళు కొన్నాడు.

మరలు బిగించి, ఆ గాజులోంచి బయటి కొట్టం గోడకేసి చూశాడు. చుక్క ఉంది. చుక్కకు తోక కూడా ఉంది. మరలు విప్పి మళ్ళీ బిగించాడు. తోక పోలేదు. ఇంకాస్త గట్టిగా బిగించబోతే ఒక మర తల అరిగిపోయింది.

"ఏమయ్యా, రొట్టెల పిండి నేను ఆ బల్ల మీదే కలపాలి," అంది భార్య లోర్నా.

"కాస్త ఆగు. ఇది వంకరగా కూర్చుంది."

"నువ్వు సరిగ్గానే కూర్చున్నావా?"

వెండెల్ తుపాకీని సంచిలో పెట్టుకుని హార్లన్ కొట్టుకి బయల్దేరాడు. కోళ్ళ దాణా నుంచి తూటాల దాకా ఆ ఊళ్ళో అన్నీ అక్కడే దొరుకుతాయి. హార్లన్ అరిగిన మరను పీకి, ఒక కన్ను మూసి గాజులోంచి చూశాడు.

"తోకేమిట్రా! నాకు ఏకంగా రెండు చుక్కలు కనిపిస్తున్నాయి. ఇది పనికిరాదు. ఇంకాస్త మంచిది తీసుకో."

మంచిది బిగించారు. ధర పెరిగింది కాబట్టి కాబోలు, తోక కూడా బారుగా వచ్చింది. ఇంతలో దాణా కోసం డ్వైట్ వచ్చాడు.

"ఇటివ్వు బావా, తప్పిపోయే పిట్టలకి ఇన్ని హంగులెందుకు?" అని లాక్కుని చూశాడు. నవ్వు ఆగిపోయింది. "ఇదేంటి, ద్రాక్షగుత్తిలా ఉంది?"

"చూశారా, సరుకులోనే లోపం," అన్నాడు హార్లన్.

అక్కడ కాఫీ తాగుతున్న పెద్దమనుషులంతా వరసగా వచ్చి చూశారు. ఒకాయనకి సాలెపురుగు, ఒకాయనకి విరిగిన గాజుముక్క, ఇంకొకాయనకి తన మొదటి భార్య సంతకం కనిపించాయి. గుండ్రంగా ఉందని ఒక్కరూ అన్న పాపాన పోలేదు. హార్లన్ కోపంగా అరలోని రెడ్ డాట్‌లన్నీ దించి పెట్టెలో పడేశాడు. కంపెనీకి ఘాటుగా రాసి, రుజువుగా ఫోటో కూడా పంపాలని తీర్మానమైంది. సరిగ్గా అప్పుడే, మొగుడు పలహారానికి రాలేదని లోర్నా వెతుక్కుంటూ వచ్చింది. ఆమె గాజులోంచి తొంగి చూసింది.

"గుండ్రంగానే ఉంది కదా."

"అక్కా, తుపాకుల సంగతి నీకేం తెలుసు? నువ్వు ఫోటో తియ్యి చాలు," అన్నాడు డ్వైట్.

తీసింది. ఫోటోలో చుక్క కుంకుమబొట్టులా గుండ్రంగా ఉంది.

"నీ ఫోన్ పాతది," అని హార్లన్ తన ఫోన్‌తో తీశాడు. గుండ్రం. డ్వైట్ తీశాడు. గుండ్రం.

"ఈ ఫోన్లు వంకరలన్నీ వాటంతటవే సరిచేసేస్తాయట," అన్నాడు సాలెపురుగు చూసినాయన, నీరసంగా.

"అదేం కాదు. వాటి కళ్ళు బాగున్నాయి, అంతే," అంది లోర్నా.

వెండెల్‌కి వాగు మీది ఇరుకు వంతెన గుర్తొచ్చింది. పొద్దున మంచులో బస్సు దాని మీదికి ఎక్కేటప్పుడు వెనక పిల్లలు పాటలు పాడుతుంటారు. ఇన్నాళ్ళూ బస్సు తన చేతిలోంచి పోతుందేమో అనే భయపడ్డాడు. బస్సులో ఉన్నవాళ్ళ కోసం భయపడటం ఇదే మొదటిసారి. పిట్ట తప్పిపోతే నవ్వుకోవచ్చు. వంతెన తప్పితే?

సోమవారం వంతెన మీద బస్సును నత్తలా నడిపి, పిల్లల్ని బడి దగ్గర దించి, ఎవరికీ చెప్పకుండా పక్క ఊరి కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. గదిలో పత్రిక అడ్డుపెట్టుకుని డ్వైట్ కూర్చుని ఉన్నాడు. పత్రిక తలకిందులుగా ఉంది. మూల కుర్చీలో ఇంకో పత్రిక వెనక హార్లన్.

"ఊరికే ఇటు వచ్చాను," అన్నాడు డ్వైట్.

"నేనూ ఊరికే," అన్నాడు హార్లన్.

"నేను చూపించుకోవడానికి వచ్చాను," అన్నాడు వెండెల్. మిగతా ఇద్దరూ పత్రికలు కిందపెట్టేశారు.

ముగ్గురికీ కంటి నల్లగుడ్డు మీది పొర కాస్త వంపు తిరిగిందనీ, చుక్కకు తోక మొలిచేది అందుకేననీ డాక్టరు చెప్పింది. కళ్ళజోడు పెట్టుకుంటే బస్సు నిక్షేపంగా నడుపుకోవచ్చట. జోడు చేతికొచ్చేదాకా బస్సు వేరేవాళ్ళు నడిపేలా వెండెల్ తనే బడికి చెప్పి వచ్చాడు. ఎవరూ తాళాలు లాక్కోలేదు. త్వరగా రమ్మన్నారు.

వేట మొదటి రోజున బావా బావమరిదీ కొత్త కళ్ళజోళ్ళతో అడవి అంచున కూర్చున్నారు. వెండెల్ తుపాకీ ఎత్తి చూసుకున్నాడు. చుక్క గుండ్రంగా ఉంది. డ్వైట్ సంచి విప్పి, టర్కీలను రప్పించడానికి పెట్టే ప్లాస్టిక్ పెట్టబొమ్మను బయటికి తీశాడు. నిరుడు వేట ముగిశాక ఆ సంచి విప్పకుండా కొట్టంలోనే ఉండిపోయింది. బొమ్మను నేలలో గుచ్చబోయి, తీరా చూసి ఆగిపోయాడు. దాని మెడలోంచి పొద్దుటి వెలుగు జల్లెడలోంచి వచ్చినట్టు వస్తోంది.

ఇద్దరూ చాలాసేపు ఆ చిల్లులవైపే చూశారు. ఒకే తూటాలోంచి చిమ్మిన సీసపు గుళ్ళు చేసినవే అవి, అన్నీ దగ్గర దగ్గరగా, మెడకు నట్టనడుమ ఉన్నాయి.

"బావా," అన్నాడు డ్వైట్ మెల్లగా, "నిరుడు నీ గురి అద్భుతం."

"మరి రెక్కలు దులుపుకుని ఎగిరిపోయిందన్నావు?"

డ్వైట్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

ఆ ఆదివారం చర్చి భోజనంలో ఎవరో నిరుటి సంగతి కదిపితే, పిట్ట తప్పిపోయిందనే ఇద్దరూ ముక్తకంఠంతో చెప్పారు.